రాత్రిపూట ఎలక్ట్రిక్ గిటార్ వాయించుకోవడానికి హెడ్‌ఫోన్: ఐదు వేలు ఎక్కడ ఖర్చుపెట్టాలి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తిరుపతి బైరాగిపట్టెడలో మేడమీద పోర్షన్, కింద ఓనరు వాళ్లు, రాత్రి తొమ్మిది దాటితే ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి స్పీకరులో వినిపించే పెట్టె) ఆన్ చేయడానికి లేదు, చేతిలో ఐదు వేలున్నాయి. ఇప్పటికే ఉన్న బ్లూటూత్ హెడ్‌ఫోన్ సరిపోతుందా, కొత్తది కొనాలా, కొంటే ఏది కొనాలి అని కదా అడిగావు. నేను పద్దెనిమిదేళ్లుగా పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో గిటార్ వాయిస్తున్నాను, సాయంత్రాలు కొర్లగుంటలో పిల్లలకు నేర్పిస్తాను. నా సొంత సాధనంతా రాత్రి పదింటి తర్వాతే, అదీ హెడ్‌ఫోన్‌లోనే. అందుకని కొంచెం పొడుగైనా వివరంగానే రాస్తున్నా.

ముందు బ్లూటూత్ సంగతి తేల్చేద్దాం. గిటార్‌కి అది పనికిరాదు. నువ్వు తీగ మీటగానే ఆ శబ్దాన్ని ముక్కలుగా మార్చి, కుదించి, గాల్లోకి పంపి, అవతల మళ్లీ విప్పి చెవికి వినిపించేసరికి మామూలు బ్లూటూత్‌లో సెకనులో ఐదో వంతు, అంటే సుమారు 200 మిల్లీసెకన్లు గడిచిపోతాయి. కొన్నింట్లో కాస్త తక్కువ, కొన్నింట్లో ఇంకా ఎక్కువ. శబ్దం గాలిలో సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది కదా, ఆ లెక్కన నీ ఆంప్‌ని 68 మీటర్ల దూరంలో, వీధి చివర పెట్టుకుని ఇక్కడ వాయిస్తున్నట్టు. నిమిషానికి 120 బీట్ల పాటలో బీటుకి నాలుగు మీటులు వేస్తే ఒక్కో మీటుకి దొరికేది 125 మిల్లీసెకన్లే, అంటే నువ్వు తర్వాతి స్వరం కూడా మీటేశాక మొదటిది వినిపిస్తుంది. సినిమా చూస్తే ఈ తేడా తెలియడం లేదే అంటావేమో, అక్కడ చాలావరకు ఫోనే బొమ్మను కూడా ఆ మేరకు ఆలస్యంగా చూపించి సరిపెడుతుంది. నీ వేళ్లని ఎవరు ఆపుతారు చెప్పు? పదీ పన్నెండు మిల్లీసెకన్లు దాటితేనే చేతికి ఏదో బరువుగా తగులుతుంది. 200 అంటే తాళం నేర్చుకునేవాడి తాళమే చెడిపోతుంది, నా దగ్గరికొచ్చే పిల్లల్లో కళ్లారా చూశాను.

బాస్ అనే కంపెనీ వాజా ఎయిర్ లాంటివి ఉన్నాయి, గిటార్ కోసమే చేసినవి. వాటిలో గిటార్ శబ్దం బ్లూటూత్‌లో రాదు, దానికి వేరే రేడియో ఉంటుంది, అందుకే ఆలస్యం తెలియదు. మంచివే కానీ నీ ఐదు వేలకి అందేవి కావు, కాబట్టి పక్కన పెడదాం.

అయినా నీ దగ్గరున్నదాన్ని పారేయకు. దాని అంచున చిన్న పిన్ పెట్టే రంధ్రం ఉందేమో చూడు. ఉంటే వైరు తగిలించి వాడినప్పుడు అది కూడా వైరు హెడ్‌ఫోనే, చాలా మోడళ్లలో ఆలస్యం పోతుంది. శబ్దం కాస్త మందంగా ఉండొచ్చు, బేస్ ఎక్కువ కొట్టొచ్చు, అయినా కొత్తది కొనేదాకా నెలా రెండు నెలలు గడుస్తాయి. రూపాయి ఖర్చుపెట్టే ముందు ఈ పని చెయ్యి.

ఇప్పుడు అసలు విషయం. హెడ్‌ఫోన్ ఏది కొనాలని అందరూ అడుగుతారు, దాన్ని దేనికి తగిలిస్తారో ఎవరూ చెప్పరు. నీ ప్రశ్నలోనూ ఆ సంగతి లేదు. గిటార్ విషయంలో సగం శబ్దం అక్కడే తేలిపోతుంది.

పోయినేడు చిత్తూరు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఖరీదైన హెడ్‌ఫోనే కొన్నాడు, కన్వర్టర్ పిన్ పెట్టి నేరుగా గిటార్ సాకెట్‌కే గుచ్చాడు. ఎంత మీటినా దోమ కూసినట్టు, అదీ ఎడమ చెవిలోనే వినిపిస్తోందట. హెడ్‌ఫోన్ పాడైందనుకుని వెనక్కి పంపబోతున్నాడు. దానిలో ఏ లోపమూ లేదు. గిటార్ పికప్ (తీగ కదలికని కరెంటుగా మార్చే భాగం) నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనమైనది, హెడ్‌ఫోన్‌ని నడిపేంత శక్తి దానికి ఉండదు. మధ్యలో ఏదో ఒకటి దాన్ని పెంచాలి: ఆంప్ కానీ, మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ (గిటార్ శబ్దాన్ని రకరకాలుగా మార్చే, కాలితో నొక్కే పెట్టె) కానీ, గిటార్‌కే గుచ్చుకునే చిన్న హెడ్‌ఫోన్ ఆంప్ కానీ, గిటార్ శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపడానికి ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకునే ఆడియో ఇంటర్‌ఫేస్ కానీ.

పెంచడంతోనే అయిపోలేదు. ఎలక్ట్రిక్ గిటార్ శబ్దమని మనం అనుకునేదాంట్లో పెద్ద వాటా ఆంప్‌లోని స్పీకరుది. ఆ పన్నెండంగుళాల స్పీకరు సుమారు 5 వేల హెర్ట్జ్ దాటాక శబ్దాన్ని దాదాపుగా వదిలేస్తుంది, పై మెరుపంతా కోసేస్తుంది. హెడ్‌ఫోన్ అలా కోయదు, ఉన్నదంతా చెవిలో పోస్తుంది. అందుకే శబ్దాన్ని గరగరలాడించే ఉత్త డిస్టార్షన్ పెడల్‌ని తిన్నగా హెడ్‌ఫోన్‌లో వింటే అగ్గిపెట్టెలో పెట్టిన తుమ్మెదలా జుయ్యిమంటుంది. ఎంత గొప్ప హెడ్‌ఫోన్ పెడితే ఆ రొద అంత స్పష్టంగా వినిపిస్తుంది. దీనికి మందు క్యాబినెట్ సిమ్యులేషన్, అంటే స్పీకరు చేసే ఆ కోతని సర్క్యూట్‌లోనో ప్రోగ్రామ్‌లోనో చేసి పెట్టడం. కొన్ని చిన్న ఆంప్‌లలో ఫోన్స్ సాకెట్‌కి ఇది ఉంటుంది, చవకరకం చాలావాటిలో ఉండదు. వాక్స్ ఆంప్‌ప్లగ్, ఫెండర్ మస్టాంగ్ మైక్రో, బాస్ కటానా గో లాంటివి హెడ్‌ఫోన్ కోసమే చేసినవి, కాబట్టి శబ్దాన్ని చెవికి తగ్గట్టు మలిచే పంపుతాయి. ఆంప్‌ప్లగ్ ఈ మూడింటిలో చవక. రెండు చిన్న బ్యాటరీలతో నడుస్తుంది, ఫోన్ నుంచి పాట కలుపుకునే రంధ్రం కూడా ఉంటుంది. ల్యాప్‌టాప్, ఇంటర్‌ఫేస్ ఉంటే ఇదంతా సాఫ్ట్‌వేర్‌లోనే చేసుకోవచ్చు, అప్పుడు విండోస్‌లో ఏషియో డ్రైవర్ (ఆలస్యం తగ్గించే ప్రోగ్రామ్) పెట్టుకుని బఫర్, అంటే ఒక్కో విడతలో పోగేసే శబ్దం ముక్కల సంఖ్య, 128 దగ్గర ఉంచు. సెకనుకి 48 వేల ముక్కల (48 కిలోహెర్ట్జ్) లెక్కన అది మూడు మిల్లీసెకన్లలోపే, పోను రాను ఇంకొంచెం కలిసినా చేతికి తెలియదు.

అందుకే నా సలహా, ఐదు వేలూ హెడ్‌ఫోన్ మీదే పోయకు. నీ ఆంప్‌లో ఫోన్స్ సాకెట్ శబ్దం బాగుంటే సరే, మొత్తం హెడ్‌ఫోన్‌కే పెట్టు. తుమ్మెద రొద వస్తుంటే మాత్రం చవకలో ఓ మోస్తరు వైరు హెడ్‌ఫోన్ తీసుకుని మిగతాది సిగ్నల్ బాగుచేసుకోవడానికి దాచు. ఎనిమిది వేల హెడ్‌ఫోన్‌లో చెత్త శబ్దం వినడం కంటే రెండు వేలదాంట్లో మంచి శబ్దం వినడం ఎన్నో రెట్లు నయం. ఇది నేను డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నదే.

ఆంప్‌కి వెనక స్పీకర్ అని రాసున్న సాకెట్ ఉంటే హెడ్‌ఫోన్ అందులో పెట్టకు. అది స్పీకరుని ఊపే కరెంటు, హెడ్‌ఫోన్ కాలిపోతుంది, చెవికీ ప్రమాదం. ట్యూబ్ ఆంప్ అయితే స్పీకరు పీకేసి నడిపినా ఆంప్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

హెడ్‌ఫోన్ దగ్గరికొద్దాం. వెనక మూసి ఉండేవి, వెనక జాలీలా తెరిచి ఉండేవి అని రెండు రకాలు. తెరిచినవాటిలో గిటార్ ఎంతో హాయిగా వినిపిస్తుంది, గదిలో ఆంప్ పెట్టుకున్నట్టే ఉంటుంది, నాకూ అదే ఇష్టం. కానీ నీ ఇంట్లో కుదరదు. పక్కన పడుకున్నవాళ్లకి సగం వినిపిస్తుంది. అంతకంటే పెద్ద కారణం ఫ్యాను. మన తిరుపతిలో మార్చి నుంచి జూన్ దాకా ఫ్యాను లేకుండా పది నిమిషాలు కూర్చోలేం. తెరిచిన హెడ్‌ఫోన్‌లో ఆ ఫ్యాను హోరు మొత్తం లోపలికి వస్తుంది, దాన్ని దాటి వినిపించాలని నీకు తెలియకుండానే వాల్యూమ్ పెంచుతావు. మూసినది ఆ హోరులో చాలా భాగం ఆపుతుంది, కాబట్టి తక్కువ వాల్యూమ్‌లోనే గమకం చివర తీగ వణుకు కూడా తెలుస్తుంది. నీకు మూసినవే, అనుమానం అక్కర్లేదు.

మూసినవాటితో వచ్చే చిక్కు చెమట. రెగ్జిన్ కుషన్లు మే నెలలో అరగంటకే చెవి చుట్టూ తడిసిపోతాయి. నా మొదటి హెడ్‌ఫోన్ కుషన్లు రెండో ఎండాకాలానికి పొట్టు లేచిపోయాయి. వాయించి తీశాక చెవి మీద, మెడ మీద నల్లటి చిన్న చిన్న పొరలు అంటుకుని ఉండేవి, మా అమ్మ బొగ్గు పూసుకున్నావా అని అడిగేది. కొనేటప్పుడే కుషన్లు విడిగా దొరికే మోడల్ చూసుకో. పాత కాటన్ బనీను గుడ్డతో చిన్న తొడుగులు కుట్టించుకున్నా పనిచేస్తుంది, శబ్దంలో ఓ పిసరు మెరుపు తగ్గొచ్చు, వారానికోసారి ఉతుక్కోవచ్చు. వెల్వెట్ లాంటి గుడ్డ కుషన్లు వచ్చేవి ఇంకా హాయి. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో అలాంటిదే, కాకపోతే అది నీ బడ్జెట్‌కి చాలా దూరం.

డబ్బా మీద రాసే ఓమ్స్ (హెడ్‌ఫోన్ కరెంటుకి ఇచ్చే అడ్డు కొలత) గురించి భయపడకు, ఒక్క విషయం తెలిస్తే చాలు. చిన్న ఆంప్, బ్యాటరీ ఆంప్, ఫోన్ లాంటివి 32 నుంచి 80 ఓమ్స్ మధ్య ఉండే హెడ్‌ఫోన్లని సులువుగా నడుపుతాయి. ఇదే డీటీ 770 ప్రో 32, 80, 250 ఓమ్స్ అని మూడు రకాల్లో వస్తుంది. ఎవరో స్టూడియోవాళ్లు బాగుందన్నారని 250ది తెచ్చి ఆంప్‌ప్లగ్‌కి పెడితే వాల్యూమ్ చివరిదాకా తిప్పినా నీరసంగా ఉంటుంది. చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్లది దీనికి తలకిందులు. వాటికి కొంచెం కరెంటు చాలు, అందుకని ఆంప్‌లోని సన్నటి సుయ్యిమనే శబ్దం కూడా వాటిలో గట్టిగా వినిపిస్తుంది. మరీ చేతిలో డబ్బు లేనప్పుడు అవీ వాడొచ్చు, కానీ రోజూ గంటసేపు చెవిలో దూర్చి కూర్చోవడం నాకు నచ్చదు.

మోడల్ పేరు చెప్పమన్నావు కాబట్టి, నీ ఐదు వేల దగ్గర నేను ముందు చూసేది ఆడియో టెక్నికా ఎం20ఎక్స్. 47 ఓమ్స్, వెనక మూసినది, వైరు మూడు మీటర్లు, చుట్టలు చుట్టలుగా కాకుండా సాఫీగా ఉంటుంది, పెద్ద పిన్ కన్వర్టర్ డబ్బాలోనే వస్తుంది. వైరు ఎడమ కప్పు నుంచి ఒక్కటే వస్తుంది, ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ రెండు వైపుల నుంచీ వచ్చే వైరు ఒళ్లో గిటార్ ఉన్నప్పుడు ఎంత విసిగిస్తుందో వాడినవాళ్లకే తెలుసు. దీనికున్న లోటు ఆ వైరు ఊడదు, తెగితే టంకం పెట్టించుకోవాల్సిందే. తర్వాత చేతిలో డబ్బు ఆడినప్పుడు ఎం40ఎక్స్‌కి వెళ్లు. 35 ఓమ్స్, వైరు ఊడదీసి మార్చుకోవచ్చు, కప్పు పక్కకి తిరుగుతుంది కాబట్టి ఒక చెవి తీసి వాయించుకోవచ్చు, ఇంట్లోవాళ్లు పిలిస్తే వినబడుతుంది. సోనీ ఎండీఆర్ 7506 కూడా గట్టిది, స్టూడియోల్లో ఏళ్ల తరబడి వాడుతున్నారు, 63 ఓమ్స్, కాకపోతే దాని వైరు స్ప్రింగులా చుట్టలు తిరిగి ఉంటుంది, కూర్చుని వాయించేటప్పుడు ఒళ్లో బరువుగా వేలాడుతుంది. ధరలు వారం వారం మారతాయి, ఒకటికి నాలుగు చోట్ల చూసుకుని కొను. నమ్మశక్యం కానంత చవకగా దొరికితే నకిలీదేమో అనుమానించు, ఈ కంపెనీల పేర్లతో నకిలీలు బాగానే తిరుగుతున్నాయి.

మన ఊళ్లో మామూలు షాపుల్లో ఎక్కువగా దొరికేవి పాటలు వినే రకమే, డబ్బా మీద ఎక్స్‌ట్రా బేస్ అని పెద్దగా రాసి ఉంటుంది. అవి వద్దని ఎందుకు అంటున్నానంటే నాకే తగిలింది. ఒకప్పుడు అలాంటిదే వాడి ఇంట్లో రాత్రుళ్లు కూర్చుని పెడల్‌లో టోన్ సెట్ చేసుకున్నాను. హెడ్‌ఫోనే బేస్ పోస్తోంది కదా, నేను బేస్ తగ్గించుకుంటూ పోయాను, చెవికి బ్రహ్మాండంగా ఉంది. మర్నాడు తిరుచానూరు దారిలో ఒక కల్యాణ మండపంలో రిసెప్షన్. మొదటి పాట ఎత్తుకోగానే పెద్ద స్పీకర్లలోంచి నా గిటార్ రేకు డబ్బా మీద గీరినట్టు పీలగా వచ్చింది. కీబోర్డు అన్న తల తిప్పి నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, అంతకంటే కింది స్థాయిలో హెడ్‌ఫోన్ ఎంత దడదడలాడినా మనకి ఒరిగేదేమీ లేదు. ఉన్నదున్నట్టు వినిపించేది కావాలి. వీలైతే గిటార్ తీసుకుని ఒకరోజు చెన్నై వెళ్లు, మౌంట్ రోడ్డులో మ్యూసీ మ్యూజికల్ లాంటి పాత వాద్యాల షాపులున్నాయి, రిచీ స్ట్రీట్‌లో ఎలక్ట్రానిక్స్ ఉన్నాయి. పెట్టుకుని చూడనిస్తారా అని ముందు అడుగు. చూడనిస్తే పాట పెట్టి వినొద్దు, తలకి తగిలించుకుని పది నిమిషాలు ఊరికే కూర్చో. కణతల దగ్గర నొక్కుతోందా, కళ్లజోడు కాడ గుచ్చుకుంటోందా చూడు. శబ్దానికి చెవి అలవాటు పడుతుంది, నొప్పికి పడదు.

తెచ్చాక పిన్ ఒకసారి చూడు. లోహం మీద నల్ల గీతలు లెక్కపెట్టు: రెండుంటే స్టీరియో (రెండు చెవులకీ వేరువేరు శబ్దం), ఒకటే ఉంటే మోనో (ఒకే శబ్దం), మూడుంటే మైకుతో వచ్చే ఫోన్ రకం. కన్వర్టర్ మీద కూడా రెండు గీతలే ఉండాలి. ఒక్క గీతది పెడితే ఒక చెవే పనిచేస్తుంది, అందరూ హెడ్‌ఫోన్ పోయిందనుకుంటారు. మూడు గీతలది పెట్టినప్పుడు శబ్దం బావిలోంచి వచ్చినట్టుంటే పిన్ ఓ పిసరు బయటికి లాగి చూడు.

వాయించడం మొదలుపెట్టాక ఆంప్‌లో లేదా పెడల్‌లో రివర్బ్ (గదిలో ప్రతిధ్వని లాంటి శబ్దం) కొద్దిగా, రూమ్ అన్న రకం ఉంటే అది, కలుపు. గిటార్ మోనో కాబట్టి హెడ్‌ఫోన్‌లో శబ్దం తల మధ్యలో ఇరుక్కుపోయినట్టుంటుంది, గంటకే తలనొప్పి వస్తుంది. కాస్త గది శబ్దం కలిపితే అది బయటికొచ్చి ఎదురుగా కూర్చుంటుంది. ఎక్కువ వేయొద్దు, తప్పులు దాక్కుంటాయి. హెడ్‌ఫోన్ సాధనలో గొప్ప లాభమే అది, వాయించని తీగ పక్కన మోగుతుంటే ఆంప్‌లో కలిసిపోయేది ఇక్కడ దాగదు.

బుర్రుమని మోత వస్తే హెడ్‌ఫోన్‌ని తిట్టకు. ఫ్యాను ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ మధ్యలో ఉంటే సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్ ఆ మోతని పట్టేస్తుంది, ఫుల్ స్పీడులో పెట్టినా ఆపేసినా తగ్గుతుంది. కరెంటు పోయి పాతరకం ఇన్వర్టర్ మీద నడుస్తుంటే మోత ఇంకా ఎక్కువ, అప్పుడు బ్యాటరీ ఆంపే మేలు. ప్లగ్గులో మూడో పిన్ విరగ్గొట్టి మోత తగ్గించానని చెప్పేవాళ్లుంటారు. ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ పని చేయొద్దు. తీగల మీద నీ చేయి ఉంటుంది, ఎర్త్ లేకపోతే షాక్ కొట్టేది నీకే.

ఇక చెవుల మాట. నా కుడి చెవిలో ఏడేళ్లుగా సన్నటి కీచు శబ్దం ఉంది, నిశ్శబ్దంగా ఉన్నప్పుడు పైకి తేలుతుంది. స్టేజీ మీద సింబల్స్ పక్కన నిలబడ్డది కొంత, రాత్రుళ్లు హెడ్‌ఫోన్‌లో లీడ్ (పాటలో గిటార్ ముందుకొచ్చే స్వరాలు) వాయిస్తూ హుషారులో పెంచింది కొంత. డాక్టరు తీసిన గ్రాఫులో 4 వేల హెర్ట్జ్ దగ్గర గీత గుంటలో పడినట్టు దిగింది. పెద్ద శబ్దానికి దెబ్బతిన్న చెవుల్లో మామూలుగా ఆ చుట్టుపక్కలే అలా దిగుతుందని ఆయన చెప్పాడు. పోయిన ఆ వినికిడి మళ్లీ రాదు. అమెరికాలో పనిచేసే చోట్లకి నియోష్ అనే ప్రభుత్వ సంస్థ పెట్టిన లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ అయితే రోజుకి 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కి సమయం సగమైపోతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట. హెడ్‌ఫోన్‌లో లీడ్ వాయించేటప్పుడు 100కి చేరడం పెద్ద కష్టమేమీ కాదు. అందుకని వాల్యూమ్ సున్నాలో పెట్టి పిన్ గుచ్చు, మెల్లగా పెంచు, హాయిగా వినిపించిన చోట నాబ్ మీద స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టు. పదిహేను నిమిషాలయ్యాక చెవి అలవాటు పడి ఇంకొంచెం కావాలంటుంది, ఆ చుక్క దాటొద్దు. ముప్పావుగంటకోసారి తీసేసి మంచినీళ్లు తాగి రా.

ఇంకోటి, హెడ్‌ఫోన్ పెట్టుకున్నాక మనం కాలితో తాళం వేస్తున్నామన్న ధ్యాస ఉండదు. మా పాత ఇంట్లో కింద పోర్షన్ ఆవిడ రాత్రి పదకొండింటికి పైకొచ్చి ఏం దంచుతున్నారు బాబూ అని అడిగాకే నాకు తెలిసింది. కాలికింద మందపాటి బొంత మడతపెట్టి వేసుకో.

నీ ఆంప్ మోడల్ పేరు, ఫోన్స్ సాకెట్ దగ్గర ఏం రాసుందో, అందులో ఏ హెడ్‌ఫోనైనా పెట్టి డిస్టార్షన్‌లో వాయిస్తే తుమ్మెద రొద వస్తోందో లేదో రాయి. అది తెలిస్తే ఆ ఐదు వేలల్లో ఎంత హెడ్‌ఫోన్‌కి, ఎంత మిగతాదానికి పెట్టాలో కచ్చితంగా చెబుతాను.